చియు జిన్ స్నేహితురాళ్ల దారిలో

శనివారం, షాంఘై

చియు జిన్ పేరు మన దగ్గర తెలిసినవాళ్లు తక్కువ. 1907 జూలై 15న తెల్లవారకముందే షావోషింగ్ ఊరి నడిబజారు కూడలిలో మంచూ రాజుల చింగ్ ప్రభుత్వం తల తీయించిన విప్లవకారిణి ఆమె. కవిత్వం, కత్తిసాము, గుర్రపుస్వారీ, మగవేషం, జపాన్‌లో చదువు, బాంబుల తయారీ: కథ కట్టడానికి కావలసినవన్నీ ఉన్న జీవితం. చైనాలో ఆమె మీద నాటకాలు, సినిమాలు వచ్చాయి, బడిపిల్లలు పాఠాల్లో చదువుకుంటారు. నా ధ్యాస మాత్రం చాన్నాళ్లుగా ఆమెకి సమాధి కట్టిన ఇద్దరు ఆడవాళ్ల మీద ఉంది. షూ జీహువా, వూ జీయింగ్. ఒకావిడ కవయిత్రి, ఇంకొకావిడ దస్తూరీకి దేశమంతా పేరుపడ్డ మనిషి. రాజద్రోహి అని చంపిన మనిషి పేరెత్తడానికే జనం వణికిన రోజుల్లో, ఇంటివాళ్లే భయపడి దాక్కున్న రోజుల్లో, వీళ్లిద్దరూ స్థలం కొని, రాయి చెక్కించి, అందరూ చూస్తుండగా ఆమెకి సమాధి కట్టారు. ఆ దారి పట్టుకుని తిరగాలని నా కోరిక.

తోడు మా రాజ్యం. హిందూపురం పిల్ల, కోఠీ విమెన్స్ కాలేజీ హాస్టల్లో నా పక్క మంచం. దాని కూతురు సింధు షాంఘైలో ఉద్యోగం చేస్తోంది, చైనీస్ గడగడా మాట్లాడుతుంది. సెలవు పెట్టి మాతో వచ్చింది. చైనా వెళ్లి గోడ చూడరా అని వీధిలో అందరూ అడిగితే, "గోడలు మా ఊళ్లోనూ ఉన్నాయిలే" అందిట రాజ్యం. జాతీయ దినోత్సవం సెలవుల రద్దీ అయ్యాక, అక్టోబరులో బయల్దేరాం.

షాంఘైలో చియు జిన్ 1907 జనవరిలో 'చైనా మహిళా పత్రిక' మొదలుపెట్టింది. మామూలు ఆడవాళ్లకి అర్థమయ్యే వాడుక భాషలో రాసింది. రెండు సంచికలే వచ్చాయి. డబ్బు చాల్లేదు, తర్వాత మనిషే లేకుండా పోయింది. షూ జీహువా, ఆమె చెల్లెలు కలిసి పత్రిక కోసం సొమ్ము సర్దారు. దీనికి కొంచెం ముందే మన దగ్గర బండారు అచ్చమాంబ స్త్రీల చరిత్రలు రాసి, సమాజాలు పెట్టి, 1905లో చిన్న వయసులోనే పోయింది. ఆవిడ పుట్టింది 1874లో, చియు జిన్ 1875లో. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అయినా ఇద్దరి తేదీలు పక్కపక్కన చూసుకుంటే మనసు ఊరుకోదు.

వూ జీయింగ్‌తో స్నేహం బీజింగ్‌లో మొదలైంది. ఇద్దరి మొగుళ్లూ ఉద్యోగులు, ఇళ్లు దగ్గర. వూ పెద్దింటి పిల్ల, చదువున్న కుటుంబం. కొత్త పుస్తకాలు, పత్రికలు ఆమె ఇంట్లోనే చియు జిన్ చేతికొచ్చాయి. 1904లో ఇద్దరూ అక్కచెల్లెళ్లమని పత్రం రాసుకున్నారు. అదే ఏడాది చియు జిన్ నగలమ్మి, మొగుణ్ణి వదిలేసి, జపాన్ ఓడెక్కింది. తర్వాత కొన్నాళ్లకి వూ దంపతులు షాంఘై వచ్చేసి, సూజౌ వాగు ఒడ్డున చావోజియాడూ అనే చోట ఇల్లు కట్టుకున్నారు. ఆ వాగు వెంట మధ్యాహ్నమంతా నడిచాం. మా కంటికి కనబడినవి అపార్టుమెంట్లు, మెట్రో, పిల్లల్ని స్కూటర్ల మీద ట్యూషన్లకి తీసుకెళ్తున్న అమ్మలు.

"ఇద్దరు పిల్లల్ని వదిలేసి పోయిందా?" రాజ్యం ఆ ఒక్క సంగతి దగ్గరే ఆగిపోయింది. కొడుక్కి ఏడేళ్లు, కూతురికి మూడు. నేనేదో చెప్పబోయాను. "నువ్వు చెప్పేది నాకు తెలుసులే మే. అయినా మూడేళ్ల పిల్ల" అంది. ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా అదే మాట. నేను వాదించలేదు. వాదించి గెలిచే విషయం కూడా కాదది.

ఆదివారం, నాన్‌షున్

పొద్దున్నే రైలెక్కాం. నాన్‌షున్ కాలవల మీద కట్టిన ఊరు. నీళ్లకి అటూ ఇటూ తెల్లసున్నం గోడలు, నల్ల పెంకులు, రాతి వంతెనలు. పట్టు వ్యాపారంతో బలిసిన సేఠుల ఊరిది. వాళ్ల మేడల్లో లోపల యూరప్ పద్ధతి నేల పలకలు, రంగుల అద్దాలు. ఒక ఇంట్లో ముసలావిడ పట్టుగూళ్లు వేడినీళ్లలో వేసి, దారం తీసి యాత్రికులకి చూపిస్తోంది. రాజ్యం కాసేపు చూసి, ఆవిడ చేతిలోంచి చొరవగా ఒక గూడు తీసుకుని నొక్కి చూసింది. హిందూపురం గూళ్ల మార్కెట్ పక్కన పెరిగింది మరి. చైనా సిల్కు దిగుమతైతే మా దగ్గర గూళ్ల ధర పడిపోతుందని చిన్నప్పట్నుంచీ తిట్టుకుంటూ పెరిగిన మనిషి, ఆ చైనా సిల్కు పుట్టింటికే వచ్చి కూచుంది. "దారం బాగుంది. తిట్టినా బాగుంది" అంది. సింధు ఆ మొదటి ముక్క మాత్రమే అనువదించింది.

1906లో ఈ ఊళ్లో షున్‌షీ అనే ఆడపిల్లల బడి ఉండేది. షూ జీహువా దానికి ప్రధానోపాధ్యాయిని. చిన్న వయసులోనే మొగుడు పోయిన మనిషి, పద్యాలు రాసేది. జపాన్ నుంచి తిరిగొచ్చిన చియు జిన్ అక్కడ జపనీస్, విజ్ఞానశాస్త్రం, ఆరోగ్యశాస్త్రం చెప్పడానికి చేరింది. కలిసి పనిచేసింది కొద్ది నెలలే. మగవేషంలో తిరిగే పంతులమ్మని చూసి ఊరి పెద్దలు సణిగారు, ఆమె వెళ్లిపోయింది. ఆ ఏడే షూ కూడా ఉద్యోగం వదిలేసింది.

ఈ ఇద్దరి స్వభావాలూ ఎంత వేరో ఆ పద్యాలు చదివితే తెలుస్తుంది. చియు జిన్ ప్రతి పాదంలోనూ కత్తి దూస్తుంది. షూ వానని, పోయినవాళ్లని, దీపాన్ని పట్టుకుని రాస్తుంది. ఆమెని విప్లవంలోకి రమ్మని చియు జిన్ పిలుస్తూనే ఉంది. ముసలి తల్లిదండ్రులు, కూతురు ఉన్నారని షూ ఆగిపోయింది. ఆగినందుకు స్నేహం చెడలేదు. నాకు ఇందులో నచ్చేది అదే. ఉద్యమంలో ఉన్నవాళ్లకి బయట నిలబడ్డ స్నేహితులంటే చిన్నచూపు ఉంటుంది, మనవాళ్లలోనూ ఎంతో చూశాను. చియు జిన్‌కి ఆ చూపు ఉన్నట్టు కనబడదు.

కాలవ గట్టున పొడుగ్గా సాగే పాత ఇళ్ల వరుస వెంట నడిచి, తియ్యటి బియ్యప్పిండి ముద్దలు తిని, సాయంత్రానికి బయల్దేరాం. బడి ఏ వీధిలో ఉండేదని సింధు ఒకరిద్దరు ముసలివాళ్లని అడిగింది. ఒకాయన చేత్తో అటు చూపించాడు, ఇంకొకాయన ఇటు.

సోమవారం, షావోషింగ్

ఊరు అడుగు పెట్టగానే పులిసిన వాసన. ఇది చైనా మొత్తానికీ బియ్యం సారాకి పేరుమోసిన ఊరు. వంటల్లో పోసేదీ అదే, తాగేదీ అదే. దానికి తోడు వీధుల్లో కంపు టోఫు వేయించే మూకుళ్లు. శాకాహారి రాజ్యానికి టోఫు అంటే ధైర్యం కానీ, ఈ కంపు దగ్గర మాత్రం ముక్కు మూసుకుని పరుగు. బ్యాగులోంచి నిప్పట్లు తీసింది.

చియు జిన్ పుట్టింటి మేడ హచాంగ్‌తాంగ్ అనే సందులో ఉంది, కొండ పాదం దగ్గర. తెల్లగోడలు, నల్లపెంకులు, ఒక వాకిలి తర్వాత ఇంకో వాకిలి. ఆమె గదిలో బల్ల, మంచం, ఆ వెనక గోడలో ఒక రహస్యపు అర. తుపాకులు, కాగితాలు అందులో దాచేదట. అర ఇరుకు. బడిపిల్లల గుంపు ఒకటి దాని ముందు నిలబడి, ఒక్కొక్కరే తల దూర్చి చూస్తున్నారు. పక్క గదిలో ఆ పేరుమోసిన ఫొటో: జపాన్ కిమోనో, చేతిలో పొట్టి కత్తి, కెమెరా వైపు సూటి చూపు.

అక్కణ్ణుంచి దాతోంగ్ బడికి. 1905లో విప్లవకారుడు షూ షీలిన్, ఆయన స్నేహితులు పెట్టిన పాఠశాల. పేరుకి వ్యాయామ శిక్షణ, అసలు పని తిరుగుబాటుకి మనుషుల్ని తయారుచేయడం. 1907 మొదట్లో చియు జిన్ దాని బాధ్యత తీసుకుంది. మగబట్టల్లో గుర్రమెక్కి ఊళ్లో తిరిగింది. జూలై 6న పక్క రాష్ట్రం ఆన్‌హుయిలో షూ షీలిన్ అక్కడి గవర్నరుని కాల్చి చంపాడు, వెంటనే అతన్నీ చంపేశారు. తీగ లాగితే ఇక్కడి డొంక కదులుతుందని అందరికీ తెలుసు. పారిపొమ్మని చెప్పినవాళ్లున్నారు, ఆమె కదల్లేదు. 13న ఈ బడిలోనే పట్టుకున్నారు.

విచారణ చేసిన స్థానిక అధికారి లీ జోంగ్యూయేకి ఆమెని హింసించడం ఇష్టం లేదు. వాంగ్మూలం రాయమని కాగితం ఇస్తే ఏడక్షరాల పద్యపాదం ఒకటి రాసిందంటారు: శరత్కాలపు గాలీ వానా మనిషిని దిగులుతో చంపేస్తాయని. ఆఖరి గంటలో మూడు కోరికలు కోరిందట. బట్టలు ఊడదీయొద్దు, తల వేలాడదీయొద్దు, అయినవాళ్లకి ఒక ఉత్తరం రాసుకోనివ్వండి. మొదటి రెండూ ఒప్పుకున్నాడు, ఉత్తరం మాత్రం కుదరదన్నాడు. ఆ లీ కొన్ని నెలలకే ఉరేసుకుని చచ్చిపోయాడు. అతని గురించి చదివినప్పుడల్లా నాకు, ఆ ఒప్పుకోని ఉత్తరం ఎవరి పేర ఉండేదో అనిపిస్తుంది.

చంపిన చోటు షువాన్‌తింగ్‌కోవు కూడలి. ఇప్పుడక్కడ 1930లో నిలిపిన రాతి స్తంభం ఉంది. శాసనం రాసింది త్సాయ్ యువాన్‌పెయ్, అక్షరాలు యూ యోరెన్‌వి. చుట్టూ సెల్‌ఫోన్ దుకాణాలు, బబుల్ టీ, చప్పుడు లేని కరెంటు స్కూటర్లు. చైనా కథారచయిత లూ షున్ ఈ ఊరివాడే, ఆ రోజుల్లో జపాన్‌లో చదువుకున్నవాడే. ఆయన 'మందు' కథలో తల నరికిన విప్లవకారుడి రక్తంలో ముంచిన రొట్టెని క్షయరోగి తండ్రి కొంటాడు. ఆ విప్లవకారుడి వెనక చియు జిన్ ఉందని చైనా పాఠకులందరికీ తెలుసు. కథలో ఆ విప్లవకారుడి సమాధి దగ్గరికి అతని తల్లి వస్తుంది, రోగి తల్లి కూడా వస్తుంది. లూ షున్‌కి అక్కడ తల్లులు కనబడ్డారు. స్నేహితురాళ్లు ఆయన కథలోకి రాలేదు.

వాళ్లు నిజంగా వచ్చారు. ధర్మానికి శవాలు పాతే సంస్థవాళ్లు ఆమెని కొండ కింద పెట్టి పోయారు. తర్వాత అన్న రహస్యంగా శవపేటికని ఊరి బయటికి మార్చాడు. ఇక్కడే షాంఘై నుంచి వూ జీయింగ్ ఉత్తరాలతో కథలోకి వస్తుంది. వూ, షూ అంతకుముందు ఒకరికొకరు తెలిసినవాళ్లు కారు. ఇద్దరికీ మధ్య ఉన్నది పోయిన స్నేహితురాలు ఒక్కతే. స్థలం నేను కొంటానంటే నేను కొంటానని ఉత్తరాలు నడిచాయి. వూకి దగ్గుతో రక్తం పడుతోంది. షూకి అప్పుడే కూతురు పోయింది. అయినా 1907 చివర, చలికాలంలో, షూ గాలిలో మంచులో చియాన్‌తాంగ్ నది దాటి ఈ ఊరొచ్చి, శవపేటిక అప్పగింత గురించి చియు జిన్ అన్నతో మాట్లాడుకుని వెళ్లింది. ఆ ప్రయాణం మీద ఆమె పద్యం కూడా ఉంది. పద్యం కంటే నాకు ఆ పని గొప్పగా అనిపిస్తుంది. ఎవరితో మాట్లాడాలి, పడవ ఎక్కడ దొరుకుతుంది, పేటిక మోయడానికి కూలీలు ఎంతమంది, ఎవడు నోరు జారతాడు: ఏడుస్తూ కూచుంటే ఇవేవీ తెమలవు.

సాయంత్రం లూ షున్ కథల వల్ల పేరొచ్చిన సారా దుకాణంలో కూచున్నాం. సోపుతో ఉడికించిన చిక్కుడు గింజలు ఇచ్చారు, అవి రాజ్యానికి నచ్చాయి. గోరువెచ్చటి సారా ఒక గుక్క తాగి, "దగ్గు కషాయం" అంది. మళ్లీ పోయించుకుంది.

మంగళవారం, షావోషింగ్

వాన. కాళ్లతో తెడ్డు వేసే నల్ల గుడారం పడవలో ఒక కాలవ చుట్టి వచ్చాం. కొండ మీద చియు జిన్ పేర కట్టిన మండపం దాకా మెట్లెక్కాం, మంచులో ఊరు కనబడలేదు. రాజ్యానికి మోకాళ్ల నొప్పి. మధ్యాహ్నం మెట్రోలోనే హాంగ్జౌ చేరిపోయాం. షావోషింగ్ మెట్రో వెళ్లి హాంగ్జౌ మెట్రోలో కలుస్తుంది. షూ జీహువా మంచులో దాటిన నది మాకు ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు.

బుధవారం, హాంగ్జౌ

హాంగ్జౌ అంటే మా బెజవాడ వాళ్లకి ఇప్పుడు ఒకటే గుర్తు: 2023 ఆసియా క్రీడల్లో మన జ్యోతి సురేఖ విలువిద్యలో కొట్టిన మూడు బంగారు పతకాలు. టాక్సీ అతనితో సింధు చేత ఆ మాట చెప్పించాను. అతను మర్యాదగా తల ఊపి, ఆ క్రీడలప్పుడు ట్రాఫిక్ ఎంత ఘోరంగా ఉండేదో చెప్పాడు.

ఊరంతా పారిజాతం లాంటి ఒక వాసన. గుయ్‌హువా పూలు, చెట్టు నిండా చిన్న చిన్న పసుపు గుత్తులు. పడమటి సరస్సు గట్టు మీద నడుస్తుంటే వాసన వస్తూ పోతూ ఉంటుంది. షీలింగ్ వంతెన దగ్గరికొచ్చాం. వంతెనకి ఒక పక్క సూ షియావోషియావో అనే పూర్వకాలపు వేశ్య సమాధి మండపం, ఇంకో పక్క చియు జిన్. వెయ్యేళ్లకి పైగా ఎడం ఉన్న ఇద్దరు ఆడవాళ్లకి మధ్య ఒక్క వంతెన. తెల్లరాతి విగ్రహం, కుడి చేయి కత్తి మీద, ఎడమ చేయి నడుం మీద, చూపు నీళ్ల వైపు. దిమ్మ మీద వీరనారి అని సన్ యాట్‌సేన్ రాసిన మాట. విగ్రహం బాగుంది. బాగున్న విగ్రహాలన్నిటిలాగే ఒంటరిగా ఉంది.

ఎదురుగా రోడ్డవతల యూయే ఫెయ్ గుడి. పన్నెండో శతాబ్దంలో శత్రువులతో పోరాడి, సొంత రాజు కొలువు చేతిలో చచ్చిన సేనాపతి. 1907లో చియు జిన్, షూ జీహువా కలిసి ఈ గుడికొచ్చారు. తాను పోతే ఆ సమాధి దగ్గర్లో, షీలింగ్ పక్కన పూడ్చమని చియు జిన్ అడిగింది. తర్వాత తిరుగుబాటుకి డబ్బు కావాలని షూ ఇంటికి వెళ్తే, షూ తన పెట్టెలో ఉన్న నగలన్నీ తీసి ఇచ్చేసింది. విలువ చైనా కొలతలో సుమారు ముప్పై లియాంగ్‌ల బంగారం అంటారు. చియు జిన్ చేతికున్న పచ్చరాయి గాజుల జత తీసి షూ చేతిలో పెట్టింది.

1908 మొదట్లో సమాధి లేచింది. చరమగీతం షూ రాసింది, రాతి మీదికి అక్షరాలు వూ చేతివి. దగ్గర్లోని గుడిలో సంతాపసభ పెడితే వందల మంది వచ్చారు. అదే ఏడాది ఒక రాజాధికారి సమాధి చూసి, దాన్ని నేలమట్టం చేసి ఆ ఇద్దరాడవాళ్లనీ శిక్షించాలని బీజింగ్‌కి విన్నపం పంపాడు. వూ అప్పుడు షాంఘైలో ఆస్పత్రిలో ఉంది. దాక్కోమని చెప్పినవాళ్ల మాట కాదని, పై అధికారికి తంతి కొట్టింది: పూడ్చింది నేను, ఇంకెవర్నీ ముట్టొద్దు. పత్రికలు ఆమె వైపు నిలబడ్డాయి. బీజింగ్‌లో ఉన్న ఒక అమెరికన్ మిషనరీ పంతులమ్మ కూడా ఆమె కోసం కలం పట్టింది. వూ అరెస్టు కాలేదు. సమాధి మాత్రం పోయింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వూ రాసిన వ్యాసాల్లో చియు జిన్ తిరుగుబాటుదారు కాదు, ఆడవాళ్ల చదువు కోసం పాటుపడ్డ మనిషి, సాక్ష్యం లేకుండా అన్యాయంగా చంపారు. నగలు ఇచ్చిన షూకి నిజం తెలుసు. 1911 విప్లవంతో చింగ్ పాలన కూలిపోయాక, చియు జిన్ విప్లవ వీరురాలని కొత్త ప్రభుత్వం జెండా ఎత్తినప్పుడు, వూ మాటలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. నాకు మాత్రం ఆ వ్యాసాలంటే గౌరవం. 1907లో పేపరు చదివే ప్రజకి కోపం తెప్పించింది ఆ అమాయకురాలి బొమ్మే. ఆమెని చంపించిన అధికారుల మీద జనం దుమ్మెత్తి పోసింది దాని వల్లే. వూ తెలిసే రాసిందా, నమ్మి రాసిందా అన్నది రాజ్యం ప్రశ్న. "నమ్మే రాసుంటుంది. స్నేహితురాలు ఇంట్లో ఒకలాగ, బయట ఒకలాగ చెప్తుంది గదా. నువ్వు నాకు అన్నీ చెప్పినావా?" అంది. సింధు నా వైపు చూసి నవ్వాపుకుంది.

శవానికి ఆ తర్వాత కూడా నిలకడ లేదు. షావోషింగ్‌కి తిప్పి పంపారు. 1909లో అత్తింటివాళ్లు హునాన్ తీసుకుపోయారు. రిపబ్లిక్ వచ్చాక 1912లో చాంగ్‌షా కొండ మీదికి మార్చారు. అప్పగించమని షూ పట్టుబట్టి, 1913లో సరస్సు గట్టుకి తెప్పించింది. 1964లో, అందమైన సరస్సు చుట్టూ గోరీలు ఎందుకని, రాత్రికి రాత్రి తవ్వి జీలోంగ్ కొండకి పంపేశారు. మరుసటేడు వెనక్కి తెచ్చారు. 1966లో సాంస్కృతిక విప్లవం వచ్చి మళ్లీ పెకలించింది. 1981లో వెతికితే ఎముకలు కొండ మీద ఒక మట్టిజాడీలో దొరికాయి. ఇప్పుడున్న విగ్రహం అప్పటిది. రాజులు తీసేశారు సరే, విప్లవం పేరు చెప్పుకున్నవాళ్లూ తీసేశారు. మొదటిసారి అడ్డుపడటానికి ఇద్దరాడవాళ్లున్నారు. 1935 నాటికే వూ, షూ ఇద్దరూ పోయారు.

గురువారం, హాంగ్జౌ

పొద్దున హుయ్‌షింగ్ రోడ్డు మీదుగా నడిచాం. హుయ్‌షింగ్ మంచూ జాతి మనిషి. ఈ ఊళ్లో ఆడపిల్లల బడి పెట్టి, డబ్బు ఇస్తామన్నవాళ్లు మాట తప్పితే, 1905లో ప్రాణం తీసుకుంది. మంచూ రాజుల్ని దించడానికి చియు జిన్ చచ్చిపోయిన రెండేళ్ల ముందు సంగతి. ఇద్దరికీ కావలసింది ఆడపిల్లల చదువే. ఆ రోడ్డులో ఇప్పుడు చెప్పుల షాపులు ఎక్కువ.

తర్వాత మళ్లీ సరస్సు దగ్గరికి. విగ్రహానికి కొంచెం దూరంలో, చెట్ల కింద, డెబ్బై దాటిన ఆడవాళ్ల గుంపు. రంగురంగుల పట్టు చున్నీలు గాల్లోకి ఎగరేసి ఫొటోలు తీయించుకుంటున్నారు. చైనాలో ఏ పార్కుకెళ్లినా ఈ ఆంటీలు కనబడతారు. రాజ్యం కాంజీవరం చీర చూసి చుట్టుముట్టారు. పట్టు పట్టి చూశారు, జరీ గోకి చూశారు. రాజ్యం ఒకావిడ మెడలో చున్నీ తీసుకుని వేసుకుంది, ఆవిడ పైట కొంగు భుజాన వేయించుకుంది. పది నిమిషాల్లో పొద్దుతిరుగుడు గింజలు, వేడినీళ్ల ఫ్లాస్కులు, నిప్పట్లు మధ్యలోకి వచ్చేశాయి.

వాళ్లు 1969లో ఈ ఊరి నుంచి పల్లెలకి తోలిన పిల్లల్లోవాళ్లు. చదువుకున్న పిల్లలు రైతుల దగ్గర నేర్చుకోవాలని మావో చెప్పాక, హాంగ్జౌ బడిపిల్లల్ని రైళ్లెక్కించి రష్యా సరిహద్దు దాకా, హేలోంగ్‌జియాంగ్‌కి పంపారు. వీళ్లకి అప్పుడు పదహారు, పదిహేడు. ఇక్కడ చలికాలంలోనూ పూసే చెట్లుంటాయి, అక్కడ సున్నాకి ముప్పై డిగ్రీలు కింద. ఒకే మట్టి అరుగు మంచం మీద, కింద పొయ్యి పెట్టుకుని, వరసగా పడుకునేవాళ్లట. ఒకావిడ చేతి వేళ్లు చూపించింది, రెండు వేళ్ల కొసలు చలికి పోయాయి. పెళ్లి చేసుకుంటే తిరిగి రానివ్వరన్న భయంతో చాలామంది పెళ్లి చేసుకోలేదు. 1979 దాకా ఉన్నవాళ్లున్నారు. తిరిగొచ్చేసరికి ఇంట్లో చోటు లేదు, ఉద్యోగం లేదు, వయసు పోయింది. ఆ పదేళ్లు తమతో ఉన్నది ఈ మనుషులే కాబట్టి ఏటా కలుస్తామని చెప్పారు. చియు జిన్ సమాధి గురించి అడిగితే, వెళ్లేటప్పుడు లేదు, వచ్చేటప్పుడూ లేదు, తర్వాత ఒకరోజు విగ్రహం ఉందంది ఒకావిడ. అంతే.

ఇంకో మాట తనంతట తనే చెప్పిందావిడ, పక్కనున్న సన్నటావిణ్ణి మోచేత్తో పొడుస్తూ: మేమిద్దరం పన్నెండేళ్లు మాట్లాడుకోలేదు. ఎందుకని సింధు అడిగింది. దాని తండ్రికి దుకాణం ఉండేది, సాంస్కృతిక విప్లవం రోజుల్లో నేను ఆయన్ని తిడుతూ బడిలో పెద్దక్షరాల పోస్టరు రాసి గోడకి అంటించాను. సింధు అనువదించేటప్పుడు గొంతు తగ్గించింది. సన్నటావిడ గింజ కొరికి తొక్క ఊసి, ఏదో అంది. అందరూ నవ్వారు. "పోస్టరులో మూడు అక్షరాలు తప్పు రాసిందట, పిన్నీ" అంది సింధు. వెంటనే ఎవరో గుయ్‌హువా పూలు ఈ ఏడు ఆలస్యంగా పూశాయన్నారు, మాట అటు మళ్లింది.

వూ జీయింగ్‌కి ఆస్పత్రి మంచం మీంచి, నేనే పూడ్చానని చెప్పే వీలుంది. పక్కన మొగుడు, వెనక పేరు, పత్రికలు ఉన్నాయి. బడిపిల్లకి గోడ, రంగు బ్రష్షు, చుట్టూ అరుపులు ఉన్నాయి. ఇద్దర్నీ ఒకే తూకంలో పెట్టడం నాకు చేతకాదు. ఆ సన్నటావిడ పన్నెండేళ్ల తర్వాత మాట్లాడటానికి ఏం కావలసొచ్చిందో అడగాలనిపించింది. రాజ్యం నా చేయి గిల్లింది. ఊరుకున్నాను.

గాజుల సంగతి నేను వాళ్లకి చెప్పాను, సింధు నోటి మీదుగా. 1912లో షూ జీహువా షాంఘైలో చియు జిన్ పేర ఆడపిల్లల బడి నడపడం మొదలుపెట్టింది. వదిలేసిపోయిన ఆ మూడేళ్ల పిల్ల, వాంగ్ చాన్‌జీ, పెద్దదై వచ్చాక ఆ బడిని ఆమె చేతికి అప్పగించింది. దాచిన పచ్చ గాజుల్ని కూడా తిరిగి ఇచ్చి, ఆ సంగతి మీద ఒక వ్యాసం రాసింది. ఆ పిల్ల తర్వాత అమెరికా వెళ్లి విమాన శాస్త్రం చదివింది, తల్లి రచనలన్నీ పుస్తకంగా వేసింది. గుంపులో ముగ్గురికి బడి సంగతి తెలుసు, గాజుల సంగతి ఎవరికీ తెలియదు. "అయితే పిల్లని చూసుకున్నట్టే" అంది రాజ్యం, శనివారం నుంచీ నాతో సాగదీస్తున్న వాదన కొంచెం సడలించి. "తల్లి కాదు, తల్లి స్నేహితురాలు."

వెళ్లేముందు వాళ్ల వీచాట్ గుంపులో సింధుని, సింధు ద్వారా మమ్మల్ని చేర్చుకున్నారు. ఇప్పుడు రోజూ పొద్దున ఐదింటికల్లా గులాబీల మీద మంచుబిందువులు, కింద మెరిసే చైనా అక్షరాలతో శుభోదయం వస్తుంది. రాజ్యం బదులుగా సత్యసాయి బాబా బొమ్మతో తెలుగు శుభోదయం పంపిస్తోంది. నిన్న సన్నటావిడ, వేళ్లు పోయినావిడ, పోస్టరు రాసినావిడ ముగ్గురూ కలిసి కాంజీవరం చీర ఎక్కడ దొరుకుతుంది, ఎన్ని గజాలు, ఎలా కడతారని అడిగారు. రాజ్యం వీడియో తీయమని నన్ను రమ్మంటోంది, ఆదివారం హిందూపురం వెళ్లాలి.